మినీడిస్క్ పాడవలేదు, ప్లేయరే పోతోంది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు వయొలిన్ విద్వాంసులు. 1999 నుంచి 2004 దాకా చేసిన కచేరీలు, ఇంట్లో పిల్లలకు చెప్పిన పాఠాలు నలభై మినీడిస్కుల్లో ఉన్నాయి. సింగపూర్ నుంచి బాబాయిగారు తెచ్చిన సోనీ వాక్‌మన్ ఇంకా పాడుతోంది. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా? ఇక్కడ అడిగితే సీడీ డ్రైవ్‌లో పెట్టి చూడమంటున్నారు.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సీడీ డ్రైవ్ జోలికి అసలు వెళ్లకండి. మినీడిస్క్ అంటే శబ్దం రికార్డు చేసుకుని వినడానికి సోనీ తెచ్చిన 64 మిల్లీమీటర్ల చిన్న డిస్క్. అది ప్లాస్టిక్ డబ్బాలో ఉండగానే పాడాలి. దాన్ని చదివే పద్ధతి కూడా సీడీది కాదు. మీ ప్లేయర్ పాడుతోందన్నారు, అన్నిటికన్నా మంచి కబురు అదే. ఈ పని పండక్కో సెలవులకో వాయిదా వేయకండి. డిస్కులు ఇంకా చాలా ఏళ్లు ఉంటాయి, ప్లేయర్‌కే ఆ భరోసా లేదు.

ముందు నలభై డిస్కులనూ బల్ల మీద పరిచి, ప్రతి దాని అంచున ఉన్న చిన్న మీటను జరపండి. కన్నం తెరుచుకుంటే ఆ డిస్క్ మీద ఇక ఏదీ రాయడం కుదరదు. పొరపాటున రికార్డ్ మీట నొక్కుకున్నా పాఠం చెరిగిపోదు. ఈ ఒక్క పనీ చేయకుండా డిస్క్ ప్లేయర్‌లో పెట్టకండి. తర్వాత డిస్క్ మీది చీటీని, డబ్బా మీది రాతను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఏ కచేరీ ఏ ఊళ్లో జరిగిందో చెప్పే సాక్ష్యం చాలాసార్లు ఆ రాత ఒక్కటే.

తీగ సంగతి. రెండు చివర్లా 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను ఉన్న కేబుల్ కొనండి. ఒక చివర ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్‌లో, రెండోది కంప్యూటర్ లైన్-ఇన్‌లో (డెస్క్‌టాప్ వెనక నీలం రంగు సాకెట్) పెట్టాలి. ల్యాప్‌టాప్‌కు ఉండే ఒకే ఒక్క సాకెట్ హెడ్‌ఫోన్, మైకుల కోసం చేసింది, లైన్-ఇన్ కాదు. మైకు సాకెట్‌లో పెడితే రెండు చానళ్లు ఒకటైపోతాయి, గట్టి స్వరం వచ్చినచోటల్లా బరబరమంటుంది. స్టీరియో లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ తీసుకోండి. కొనేముందు పెట్టె మీద ‘లైన్-ఇన్’ అన్న మాట ఉందో లేదో చూడండి, చౌకరకాల్లో చాలావాటికి మైకు సాకెట్టే ఉంటుంది.

ప్లేయర్‌లో బాస్, ఈక్వలైజర్ రెండూ తీసేయండి. మెనూలో ‘ఆడియో అవుట్’ కింద ‘లైన్ అవుట్’ కనిపిస్తే అదే ఎంచుకోండి. కనిపించకపోతే వాల్యూమ్‌ను మూడొంతుల దగ్గర ఉంచండి. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టి, తనియావర్తనం లాంటి గట్టి భాగం పాడించి, మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా సర్దుకోండి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, కానీ ఒకసారి చిట్లిన శబ్దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ‘గుయ్’మని హమ్ వస్తే అది డిస్క్‌లో ఉన్నది కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, బ్యాటరీ మీద నడిపి చూడండి. చాలాసార్లు అక్కడితో పోతుంది.

74 నిమిషాల డిస్క్‌కు 74 నిమిషాలూ కూర్చోవాల్సిందే. మోనోలో చేసి ఉంటే 148 నిమిషాలు. మామూలు డిస్క్ ఒక్కోటి వేవ్ ఫైలుగా దాదాపు 780 ఎంబీ, నలభైకి కలిపి 31 జీబీ దాకా అవుతుంది. ఫ్లాక్ అనే రకం ఫైలుగా మార్చితే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా సుమారు సగానికి దిగుతుంది. ఎంపీ3 మాత్రం అసలు కాపీ చేసేశాక, ఇంకొకరికి పంపడానికే. మినీడిస్క్ ఇప్పటికే శబ్దాన్ని కుదించి దాచుకున్నది. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ముందు పోయేది కమాను తీగ మీద పడే ఆ సన్నని గీరుడు శబ్దం.

ఇంకో దారి ఉంది. మీ వాక్‌మన్ మీద ‘నెట్ ఎండీ’ (కంప్యూటర్‌తో కలిపే సదుపాయం) గుర్తు, యూఎస్‌బీ సాకెట్ ఉన్నాయేమో చూడండి. ఉంటే, వెబ్ మినీడిస్క్ ప్రో అనే ఉచిత ప్రోగ్రాం క్రోమ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. సోనీ చేతి ప్లేయర్లలో హోంబ్రూ మోడ్‌తో (సోనీ ఇచ్చింది కాదు, వాడేవాళ్లు సొంతంగా రాసుకున్నది) డిస్క్‌లోని ఏట్రాక్ డేటాను, అంటే మినీడిస్క్ కుదించి దాచిన శబ్దాన్ని, ఉన్నది ఉన్నట్టు బయటికి తీయగలదు. విండోస్ అయితే ముందు జాడిగ్ అనే ప్రోగ్రాంతో విన్‌యూఎస్‌బీ డ్రైవర్ వేయాలి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రయత్నించి రావడం లేదనుకోకండి, అందులో అది నడవదు. ఈ దారి దొరికితే కేబుల్ కన్నా మేలు.

ప్రశ్న: త్యాగరాజ ఆరాధన రోజున పంచరత్న బృందగానం మొత్తం రికార్డు చేశాను. చివర్లో బ్యాటరీ అయిపోయి మిషన్ ఆగింది. ఇప్పుడు డిస్క్ పెడితే ‘బ్లాంక్ డిస్క్’ అంటోంది. ఇంటికొచ్చాక పెద్ద స్పీకర్ మీద పెట్టాను, అయస్కాంతం వల్ల చెరిగిందా?
— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: స్పీకర్ తప్పు కాదు. క్యాసెట్ అయితే భయపడాల్సిందే. మినీడిస్క్‌లో కింద నుంచి లేజర్ ఒక చుక్కంత చోటును సుమారు 180 డిగ్రీల దాకా కాలుస్తుంది. ఆ వేడిలోనే పైన ఉన్న అయస్కాంత హెడ్ ఆ చుక్క దిశను మార్చగలదు. చల్లారాక అది బిగుసుకుపోతుంది. గది వేడిలో ఎంత పెద్ద స్పీకర్ అయినా దాన్ని కదపలేదు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు కారులో వదిలేసినా చెరగదు, కాకపోతే ప్లాస్టిక్ డబ్బా వంగి మూత ఇరుక్కుంటుంది.

మీ గానం డిస్క్ మీదే ఉంది. పోయింది విషయసూచిక. డిస్క్ లోపలి అంచున టీఓసీ అనే చిన్న భాగంలో, ఏ ట్రాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉంటుంది. రికార్డింగ్ సాగుతున్నంతసేపూ మిషన్ దీన్ని జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. మీరు స్టాప్ నొక్కాకే డిస్క్ మీద రాస్తుంది. తెర మీద ‘టీఓసీ ఎడిట్’ అని మినుకుమినుకుమనేది ఆ కొద్ది క్షణాలే. ఆలోపు కరెంటు పోతే శబ్దం మిగులుతుంది, చిరునామా పోతుంది. ఇంట్లో పెట్టుకునే పెద్ద డెక్‌లు ఇంకా ఆలస్యం చేస్తాయి, డిస్క్ బయటికి తీసినప్పుడో స్విచ్ ఆపినప్పుడో రాస్తాయి. ‘టీఓసీ’ వెలుగుతుండగా ప్లగ్ లాగితే ఇదే గతి.

ఇప్పుడు చేయాల్సింది: మీట జరిపి రక్షణ పెట్టండి, దాని మీద ఇంకేమీ రికార్డు చేయకండి. పైన కొత్త శబ్దం పడ్డ భాగం ఇక ఎప్పటికీ రాదు. తిరిగి తెచ్చే పాత ఉపాయం ఒకటుంది. అదే నిడివి ఉన్న ఖాళీ డిస్క్ మీద మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన ఒకే ట్రాక్‌గా నిశ్శబ్దం రికార్డు చేయాలి. ఆ సూచిక ఇంకా జ్ఞాపకంలో ఉండగానే, మిషన్‌కు తెలియకుండా డిస్క్ మార్చి, మీ డిస్క్ మీద రాయించాలి (మీట మూయాల్సింది ఈ ఒక్క పనికే). డెక్ పైకప్పు విప్పో, సర్వీస్ మోడ్‌లోకి వెళ్లో చేసే పని ఇది, చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. పాత రికార్డింగ్ మోనోనా, స్టీరియోనా, ఎల్‌పీ2నా (రెట్టింపు నిడివి పట్టే స్టీరియో మోడ్) అన్నది గుర్తు తెచ్చుకుని నిశ్శబ్దాన్ని కూడా అదే మోడ్‌లో చేయాలి. తేడా వస్తే మిషన్ తిరుగుతుంది గానీ పాడదు. సోనీ నెట్ ఎండీ ప్లేయర్ దొరికితే పై జవాబులో చెప్పిన ప్రోగ్రాంతోనే సూచికను సరిచేయవచ్చు, డిస్క్ మార్చే సర్కస్ ఉండదు. ఎలా చేసినా గానమంతా ఒకే పొడవాటి ట్రాక్‌గా వస్తుంది. ‘జగదానందకారక’ ఎక్కడ ముగిసి ‘దుడుకుగల’ ఎక్కడ మొదలైందో విని కోసుకోవాలి.

ప్రశ్న: ఇంత మంచి సాధనం ఎందుకు పోయింది? మా తరంవాళ్లు పేరు కూడా వినలేదు.
— ఇంజినీరింగ్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: సోనీ దీన్ని 1992 నవంబరులో జపాన్‌లో విడుదల చేసింది. అదే ఏడు ఫిలిప్స్ డీసీసీ అనే డిజిటల్ క్యాసెట్‌తో పోటీకి దిగి, 1996కల్లా తప్పుకుంది. మినీడిస్క్ మాత్రం జపాన్‌లో బాగా పాతుకుంది. అక్కడ సీడీలు అద్దెకిచ్చే దుకాణాలు వీధివీధినా ఉండటం, అద్దెకు తెచ్చిన సీడీని మినీడిస్క్‌లోకి ఎక్కించుకోవడం అలవాటు కావడం అందుకు కారణం. మనకు ఆ అలవాటు లేదు. చవక క్యాసెట్ ఇంటింటా ఉంది. క్యాసెట్ దిగుతున్న కాలానికి, 700 ఎంబీల సీడీలో వంద పైచిలుకు పాటలు పట్టే ఎంపీ3 వచ్చేసింది. మధ్యలో దీనికి చోటే మిగల్లేదు.

అయితే దీన్ని చంపింది ధరో ఐపాడో మాత్రమే అంటే మేం ఒప్పుకోం. 2001లో ఐపాడ్ వచ్చిన ఏడే నెట్ ఎండీ కూడా వచ్చింది, యూఎస్‌బీతో పాటలు ఎక్కించుకోవచ్చు. కానీ ఎంపీ3ను ఉన్నదున్నట్టు తీసుకోదు, తన ఏట్రాక్‌లోకి మార్చుకోవాలి. ఒక పాటను మూడుసార్లకు మించి బయటికి ఇవ్వనని సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది. అన్నిటికన్నా అన్యాయం, మీరు మీ మైకుతో మీ ఇంట్లో రికార్డు చేసుకున్న గొంతును కూడా యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌కు ఇచ్చేది కాదు. లోపలికి తలుపు, బయటికి గోడ. 2004లో వచ్చిన హై-ఎండీ అనే కొత్త రకం మినీడిస్క్‌లో 1 జీబీ డిస్కులతో ఆ గోడకు కొంత కన్నం పడింది. పాత డిస్కుల్లోని రికార్డింగులను కంప్యూటర్‌కు ఇచ్చే సోనీ ప్లేయర్ ఎంజెడ్-ఆర్‌హెచ్1 2006లో గానీ రాలేదు. అప్పటికి వాడేవాళ్లే వెళ్లిపోయారు. సోనీ మినీడిస్క్ వాక్‌మన్‌ను 2011లో ఆపింది, చివరి మినీడిస్క్ స్టీరియోను 2013 మార్చిలో ఆపింది. కచేరీలు, ఇంటర్వ్యూలు రికార్డు చేసేవాళ్లకు ఇంత నమ్మకమైన పనిముట్టు ఆ రోజుల్లో మరొకటి చేతికి అందుబాటులో లేదు. వాళ్ల గొంతుకే దారి మూయడం క్షమించదగ్గ విషయం కాదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ రికార్డర్ కొనబోతున్నాను. ఏమేం చూడాలి?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ దగ్గరున్న విలువైన డిస్క్ తీసుకెళ్లకండి, పోయినా బాధలేనిది పట్టుకెళ్లండి. ముందు మొదటి పాట, ఆ తర్వాత చివరి పాట పాడించండి. డిస్క్ లోపలి నుంచి బయటికి చదువుతుంది. మొదట బాగుండి చివర్లో తడబడితే లెన్స్ నడిచే పట్టాల మీద గ్రీజు గట్టిపడి ఉంటుంది. అది శుభ్రం చేయించుకోవచ్చు.

తర్వాత రెండు నిమిషాలు రికార్డు చేసి, స్టాప్ నొక్కి, డిస్క్ బయటికి తీసి మళ్లీ పెట్టండి. తీయకుండా పాడిస్తే పరీక్ష పూర్తయినట్టు కాదు. కొత్త ట్రాక్ కనిపించకపోయినా, ‘డిస్క్ ఎర్రర్’ అన్నా, రికార్డింగ్ హెడ్‌కు వెళ్లే సన్నని రిబ్బన్ తీగ తెగిందేమోనని మొదట అనుమానించాలి. సూచిక రాసేదీ ఆ హెడ్డే కదా. మూత తెరిస్తే పైభాగాన సన్నని చేయిలా వేలాడేది అదే. దాన్ని వేలితో ఎత్తకండి. అలాంటి మిషన్ పాత డిస్కులు పాడటానికి మాత్రం పనికొస్తుంది, ఆ లెక్కన బేరమాడండి.

బ్యాటరీ గది తెరిచి చూడండి. చూయింగ్ గమ్ బిళ్లలా పలకగా ఉండే 1.2 వోల్టుల బ్యాటరీ చాలా మోడళ్లలో కారి, తెల్లటి పొడో పచ్చటి చిలుమో వదిలి ఉంటుంది. పైపైన ఉంటే దూది పుల్లకు చుక్క వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. ఆకుపచ్చ మరక లోపలి బోర్డు దాకా పాకితే వదిలేయండి. పక్కన బిగించే పెన్సిల్ సెల్ గొట్టం కూడా ఇస్తే తప్పక తీసుకోండి, పలక బ్యాటరీ కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది.

జపాన్ నుంచి వచ్చిన అడాప్టర్ అయితే ‘ఇన్‌పుట్’ గీత చదవండి. 100 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణమే మాడుతుంది. వేరే అడాప్టర్ వాడాలంటే వోల్టేజీ, పిన్ను మీది ప్లస్ మైనస్ బొమ్మ రెండూ ప్లేయర్ మీద రాసినట్టే ఉండాలి.

ప్రశ్న: కొత్త ఖాళీ డిస్కులు దొరుకుతాయా?
— గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: సోనీ 2025 ఫిబ్రవరితో రికార్డింగ్ మినీడిస్కుల తయారీ ఆపేసింది. ఇక దొరికేవి మిగిలిన సరుకూ, వాడేసినవే. వాడినవి కొనడానికి జంకకండి, వీటిని చెరిపి మళ్లీ మళ్లీ రాయవచ్చు. ఇనుప మూతను పక్కకు జరిపి డిస్క్ మీద గీతలు, బూజు లేవని చూసుకోండి. కృష్ణ ఒడ్డు ఊళ్లలో వానాకాలం లెన్స్ మీదా బూజు పడుతుంది కనుక ప్లేయర్‌ను సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాచి, నెలకోసారి పది నిమిషాలు పాడించండి.