మాయ పడేదాకా ఆగొద్దు, ముర్రుపాలు ముందే పట్టండి

ప్రశ్న: మాకు మూడు ముర్రా గేదెలున్నాయి. ఈ ఏడాది పుట్టిన రెండు దూడలు పది రోజుల్లోపే పారుకుని చనిపోయాయి. మూడో దూడకు తొమ్మిది రోజులు. అదీ పారుతోంది, ముందుకాళ్ల మోకాళ్లు వాచాయి. మాయ పడ్డాకే ముర్రుపాలు పడుతున్నాం. రాత్రి ఈనితే ఒక్కోసారి తెల్లవారుతోంది. దూడలకు రోగనిరోధక శక్తి లేదంటున్నారు. అందుకు ఇంజెక్షన్ ఉందా?
– పాడి రైతు, పల్నాడు జిల్లా

జవాబు: గేదె దూడలన్నీ యాంటీబాడీలు (రోగక్రిములతో పోరాడే ప్రోటీన్లు) దాదాపు లేకుండానే పుడతాయి. మనుషుల్లో అవి కడుపులో ఉండగానే తల్లి నుంచి బిడ్డకు చేరతాయి. గేదె, ఆవు, మేక, గొర్రెల మాయ వాటిని దాటనివ్వదు. అందుకే తల్లి తన యాంటీబాడీలను ఈనే ముందు పొదుగులో కూడబెడుతుంది. అవి నిండిన తొలి పాలే ముర్రుపాలు.

ఆ యాంటీబాడీలను చెడకుండా రక్తంలోకి పీల్చుకునే శక్తి దూడ పేగుకు కొన్ని గంటలే ఉంటుంది. మొదటి ఆరు గంటల్లో బాగా పీలుస్తుంది, తర్వాత గంట గంటకూ తగ్గుతూ, 24 గంటలకు దాదాపు ఆగిపోతుంది. మీ దూడలు తెల్లవారాక ఎంత తాగినా కడుపు నిండిందే గానీ రక్తంలోకి చేరింది తక్కువ. పైగా ఈలోపు పాకలోని క్రిములు నోటి ద్వారానో, పచ్చి బొడ్డు ద్వారానో లోపలికి పోతాయి. పారుడు, కీళ్లవాపు కలిసి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది ముర్రుపాలు ఆలస్యమవడాన్నే.

ముందే పాలు తీస్తే మాయ నిలిచిపోతుందన్న భయం మన పల్లెల్లో పాతుకుపోయింది. నిజానికి దూడ చీకితే తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికి అదే సాయం. మాయ పడటానికి 8 నుంచి 12 గంటలు పట్టినా మామూలే. అన్ని గంటలు దూడ కడుపు ఎండగట్టకూడదు.

ఇక ఇప్పుడున్న దూడ సంగతి. పోయిన రక్షణను తెచ్చిపెట్టే ఇంజెక్షన్ లేదు. అవసరాన్నిబట్టి ఆరోగ్యంగా ఉన్న పశువు రక్తం గానీ ప్లాస్మా గానీ ఎక్కించవచ్చు, అది డాక్టరు చేయాల్సిన పని. కీళ్లవాపును నొప్పి మందుతో సరిపెట్టకండి. ఈరోజే డాక్టరుకు చూపించండి, లేదా పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేయండి. బొడ్డు లావుగా, వేడిగా, తడిగా ఉందేమో చూసి చెప్పండి. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపితే వాపు తిరగబెడుతుంది, కీలు బిగుసుకుపోతుంది. డాక్టరు వచ్చేలోపు ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, రోజుకు రెండు మూడు లీటర్లు, కొద్దికొద్దిగా తాగించండి. మనుషుల ఓఆర్‌ఎస్ దూడకు పూర్తిగా సరిపోయేది కాదు, అయినా ఏమీ లేనిదానికంటే మేలు. పాలు ఆపొద్దు. రెంటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. దూడ లేవలేకపోతే, చీకడం మానేస్తే నోట్లో ఏదీ పోయకండి, సెలైన్ ఎక్కించాల్సిందే.

వచ్చే ఈతకు: పుట్టిన దూడ 30–35 కిలోలుంటే అందులో పదో వంతు, అంటే 3 నుంచి 3.5 లీటర్ల ముర్రుపాలు 12 గంటల్లోపు లోపలికి వెళ్లాలి. అందులో తొలి లీటరున్నర మాత్రం ఒక గంటలోపే. పొదుగు కడిగి, మొదటి రెండు మూడు ధారలు పారబోసి చీకించండి. చీకలేకపోతే పిండి, చనుమొన ఉన్న సీసాతో పట్టండి. వెదురు గొట్టంతో గొంతులో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కాచి మాత్రం పట్టకండి. కాచగానే జున్ను గడ్డకడుతుంది కదా, అలా గట్టిపడే ప్రోటీన్లలో యాంటీబాడీలూ ఉంటాయి. ఇంట్లో జున్ను వండుకోండి, దూడ వాటా తీశాక. తొలి పిండుడుతో పోలిస్తే రెండో పిండుడులో యాంటీబాడీలు బాగా తగ్గిపోతాయి. కాబట్టి తొలి పాలు దూడవే.

మిగిలితే లీటరు సీసాల్లో డీప్ ఫ్రీజర్‌లో (మైనస్ 20 డిగ్రీలు) పెడితే ఏడాది నిల్వ ఉంటాయి. 50 డిగ్రీలు మించని వేడినీళ్లలో సీసాను ఉంచి కరిగించాలి, పొయ్యి మీద కాదు. తల్లి చనిపోతే అదేరోజు ఈనిన మరో గేదె పాలో, ఆవు పాలో పనికొస్తాయి. పాలలో గుడ్డు, ఆముదం కలిపి పట్టమని చాలాచోట్ల రాస్తుంటారు. అది ఆహారమే. కోడిగుడ్డుకు మీ పాకలోని క్రిములతో పరిచయం లేదు.

బొడ్డును ఒంటికి అంగుళం దూరంలో దారంతో కట్టి, దాని కింద కొత్త బ్లేడుతో కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. రెండు మూడు రోజులు అలాగే అద్దండి. పాలద్వారా వచ్చే ఏలికపాములకు 10–16 రోజుల మధ్య దూడ బరువునుబట్టి నట్టల మందు డాక్టరును అడిగి తాగించండి.

తల్లి దగ్గర లేనిది దూడకు రాదు. ఈతకు రెండు నెలల ముందే పాలు పిండటం ఆపండి. గాలికుంటు, గొంతువాపు టీకాల గడువు దాటనివ్వకండి. చూడి గేదెను బయట కొంటే ఈనే వారం ముందు కాకుండా కనీసం నెల ముందు తెచ్చుకోండి, మీ పాకలోని క్రిములకు యాంటీబాడీలు తయారవడానికి ఆమాత్రం సమయం కావాలి. దూడకు గాలికుంటు టీకా నాలుగో నెలలో. అంతకుముందు వేస్తే ముర్రుపాలతో వచ్చిన యాంటీబాడీలే టీకాను పనిచేయనివ్వకపోవచ్చు.