లెక్కలు రాకపోతే డాక్టర్ కాలేనా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. నెల్లూరులో హాస్టల్లో ఉండి బైపీసీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సైన్సంటే ఇష్టం, లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. బైపీసీలో లెక్కలుండవు కదా అని చేరితే ఫిజిక్స్ నిండా అవే. వారం పరీక్షల్లో 180కి 20 దాటడం లేదు. ‘నీది లెక్కల బుర్ర కాదు’ అన్నారు సారు. నాన్న పొలం కౌలుకు తీసుకుని పొగాకు వేసి నా ఫీజు కడుతున్నారు. ఫోన్లో మార్కులు అడిగితే బాగానే వచ్చాయని చెబుతున్నాను. నేను డాక్టర్‌ని కాగలనా?

జవాబు: తల్లీ, డాక్టర్లు రోజూ వేసే లెక్క ఒకటి చెబుతాను. 12 కిలోల బిడ్డకు జ్వరం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ అంటే 180 మిల్లీగ్రాములు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందుంటే ఏడున్నర మిల్లీలీటర్లు పోయాలి. త్రైరాశికం, అంతే. మీ నాన్న పొగాకు వేలం దగ్గర నిలబడి నోటిమీద వేసే లెక్క కంటే కష్టమేం కాదు.

నీట్ సంగతి వేరు, అక్కడ నిన్ను మభ్యపెట్టను. 720 మార్కుల్లో 360 బయాలజీవే, కానీ ఫిజిక్స్‌కూ 180 ఉన్నాయి. క్యాలిక్యులేటర్ ఉండదు, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఫిజిక్స్ వదిలేసి ఒంగోలులోనో నెల్లూరులోనో ప్రభుత్వ సీటు రావడం కష్టం.

అయితే అందులో కావాల్సిన లెక్కలు ఏమిటి? భిన్నాలు, పది ఘాతాలు, యూనిట్లు మార్చడం, సైన్ కాస్ విలువలు, లాగరిథం, కాస్త డిఫరెన్షియేషన్. మొదటి నాలుగూ పదో తరగతి లోపువే. మీ చదువు మొదలయ్యేదేమో వెక్టర్లు, సమతలంలో చలనం లాంటి పాఠాలతో. ఎంపీసీ పిల్లలకు పక్కనే లెక్కల క్లాసుంటుంది, మీకు ఉండదు. ఇందులో బుర్ర తప్పేముంది? (ఆ సారు మాట నాకు నచ్చలేదు.) రెండో ఏడాది సెమీకండక్టర్లు, పరమాణువుల పాఠాల్లో ఇంత గొడవ ఉండదు.

ఈ వారం తప్పుపోయిన లెక్కలు ముందేసుకో. ఫార్ములా తెలియక పోయిందా, ప్రశ్నే అర్థం కాలేదా, ఫార్ములా సరిగ్గా రాసి గుణకారంలో పోయిందా, ఒక్కోదాని పక్కన రాయి. ఈ మూడో రకమే ఎక్కువుంటుందని నా అనుమానం. అదే అయితే తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకాలు మళ్లీ తియ్యి. రోజుకు అరగంట చాలు. రూమ్‌మేట్స్ నవ్వితే నవ్వనీ.

నాకు అసలు దిగులు నాన్నతో నువ్వు చెబుతున్న అబద్ధం గురించి. ఇరవై మార్కుల కంటే అదే నీకు నిద్ర లేకుండా చేస్తున్నట్టుంది. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు మేలుకుని వేడి చూసుకునే మనిషాయన. ఎక్కడ తేడా వస్తోందో ముందే తెలిస్తే సర్దుకోవచ్చని ఆయనకు ఒకరు చెప్పాలా? రెండేళ్లయ్యాక తెలిస్తేనే తట్టుకోలేరు.

అమ్మ చేత చెప్పించకు. ఈసారి ఫోన్ చేసినప్పుడు వచ్చిన మార్కు వచ్చినట్టు చెప్పి, అటక మీదున్న పాత లెక్కల పుస్తకాలు పట్టుకుని రమ్మని ఆయన్నే అడుగు.