సైటేషన్లు లెక్కపెట్టుకునే ముందు

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. ప్రమోషన్ దరఖాస్తులో హెచ్-ఇండెక్స్ గడిలో 4 అని రాసి, ఆపైన చెయ్యి ఆడక కూర్చుండిపోయానన్నావు. ఆ 4 ఏం చెబుతోందో ముందు చూడు. నీ పేపర్లలో నాలుగింటికి, ఒక్కోదానికి కనీసం నాలుగేసి సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, వచ్చాయి. అది చెప్పేది అంతే. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత ఇది. ఆ నాలుగింటిలో ఒకదానికి 6 వచ్చినా 60 వచ్చినా అంకె కదలదు. ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుందే గానీ తగ్గదు. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్న నా అంకె పక్కన ఆరేళ్ళ నీ అంకె పెట్టి చూసుకోకు. గుండెజబ్బుల మీద రాసేవాళ్ళతోనూ పోల్చుకోకు. నువ్వు ఎంచుకున్న అరుదైన జబ్బు మీద ప్రపంచంలో రాసేవాళ్ళే కొద్దిమంది, ఇక సైట్ చేసేవాళ్ళెంతమంది ఉంటారు?

ఈ వారం ఒక పని చెయ్యి. నీ పేరు ఒక పేపర్లో ఇంటిపేరుతో, ఇంకోదానిలో ఉత్త ఇనిషియల్‌తో ఉంది. పేపర్లనూ సైటేషన్లనూ నమోదు చేసే స్కోపస్ అనే డేటాబేస్‌లో నీకు రెండు ప్రొఫైళ్ళు ఉండే ఉంటాయి. వాటిని కలపమని అడుగు, పరిశోధకులకు ఒక్కొక్కరికి విడిగా ఇచ్చే ఆర్కిడ్ నంబరు తీసుకో, ఇకమీదట ఒకే పేరుతో రాయి. నీ కష్టం ఇంకొకరి ఖాతాలో పడకూడదు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ, పత్రికలో సమీక్ష కాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రీప్రింట్లనూ కూడా లెక్కేస్తుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఎక్కువ కనిపిస్తుంది. దరఖాస్తులో ఏ అంకె రాసినా అది ఎక్కడిదో, ఏ తేదీదో పక్కనే రాయి.

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను నీ గొప్పగా చూపించకు. గత రెండేళ్ళలో ఆ పత్రిక వేసిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. కొన్ని వ్యాసాలే ఆ సగటును మోస్తుంటాయి. మనిషిని దానితో తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన కోరుతోంది. అయినా కమిటీలు అడుగుతూనే ఉన్నాయి, నాకు బాధే. అడిగితే ఇవ్వు. దాని కింద నీ పేపర్ వల్ల ఏం తేలిందో రెండు వాక్యాల్లో రాయి.

సైటేషన్ అంటే మెచ్చుకోలు కాదని కూడా గుర్తుంచుకో. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు వేసే ఎమ్ఎమ్ఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ను లాన్సెట్ వైద్య పత్రిక 2010లో ఉపసంహరించింది. దానికి వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి, చాలావరకు దాన్ని ఖండించినవే. లెక్కకు ఆ తేడా తెలియదు.

నా తప్పొకటి చెబుతాను. నీ వయసులో ఒక మందు మోతాదు గురించి రాస్తూ, అసలు పేపర్ తెరవకుండా వేరొకరి రిఫరెన్సుల నుంచి ఎత్తి రాశాను. అసలు దానిలో ఉన్నది వేరు, పిల్లల మోతాదు. అచ్చుకు ముందు పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అచ్చయి ఉంటే నన్ను చూసి ఇంకెవరో రాసేవారు, చివరికి అది ఏ రోగి చీటీ మీదికో చేరేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి చదవని పేపర్‌ను సైట్ చెయ్యలేదు. నువ్వూ చెయ్యకు. నీ పాత పేపర్లను అవసరం లేనిచోట ఇరికించకు. పని చేయనివారి పేరు పెట్టకు, చేయని పనికి నీ పేరూ ఇవ్వకు. ఒక అధ్యయనాన్ని మూడు ముక్కలు చేసి మూడు పేపర్లుగా పంపే ఆలోచన కూడా మానుకో. రేపు ఒక విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసే సిస్టమాటిక్ రివ్యూ చేసేవాళ్ళు అదే రోగులను మూడుసార్లు లెక్కేసే ప్రమాదం ఉంది.

ఇక సైటేషన్లు ఎలా వస్తాయన్నావు. అత్యధికంగా సైట్ అయిన పేపర్లలో ముందు వరుసలో ఉన్నది 1951లో లౌరీ బృందం రాసినది. మూడు లక్షలు దాటాయి. ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. ఎవరు చేసినా పనిచేసేటంత వివరంగా రాశారు, అందుకే వాడారు. పని ఎలా చేశావో చెప్పే నీ మెథడ్స్ భాగం కూడా అలా రాయి. రోగులను ఎలా ఎంచుకున్నావో, ఎందరు మధ్యలో మానేశారో, ఎందుకు మానేశారో దాచకు. మందు పని చేయలేదని తేలినా రాయి. అరుదైన జబ్బులో ఆ ఒక్క ఫలితం కోసం ఎక్కడో ఒక డాక్టర్ వెతుకుతూ ఉంటారు.

కొత్త పేపర్ డ్రాఫ్ట్ పంపు. మెథడ్స్ పేజీలే ముందు చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు