మేనకోడలికి, నల్లగొండ నుంచి

బిడ్డా,

నీకు పీహెచ్‌డీ సీటొచ్చిందని అమ్మ ఫోన్ల చెప్పింది. ఎలుక లోపలి గడ్డను తోలు మీదికెళ్లే చూపెట్టే మెరుపు నలుసుల మీద పనంట గదా, సంబురమైంది. దేంతోటి చేస్తరని అడిగితే సోడియం ఇట్రియం ఫ్లోరైడంటివి. ఆ రాత్రి నిద్ర పట్టలే. మా దిక్కు పుట్టినోళ్లకు ఫ్లోరైడు పేరు వింటే వంగిన మోకాళ్లే యాదికొస్తయి.

నలుసులు తయారు చేసేటప్పుడు మెథనాల్ పూర్తిగ పోయినంకనే వేడి 300 డిగ్రీలకు పెంచు. నలుసులను వెలిగించే 980 నానోమీటర్ల లేజర్ కంటికి కనబడది, కనబడనిదానికి రెప్ప సుత పడది. దానికి సరిపోయే అద్దాలు పెట్టుకో, ఉంగరం తీసెయ్యి. ఆ 980 వెలుగును ఒంట్ల నీళ్లు పీల్చుకొని కండ వేడెక్కుతది. నలుసుల నియోడిమియం కలిపితే 808 నానోమీటర్ల వెలుగు తీసుకొని 1064ది ఇస్తది, అది కొంత నయం. ఇవన్నీ మీ సార్లు చెప్తరు.

చెప్పనిది నా సంగతి. ముప్పై ఏండ్ల కింద నీళ్ల పరీక్షల పని చేసేటోణ్ణి. మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లె బోరు నీళ్లకు పటిక, సున్నం వేసి తేర్చిన్రు, మన జిల్లా పేరుతోటే పిలిచే పద్ధతి. తేరిన నీళ్లకు రంగు పరీక్ష పెట్టిన. ఫ్లోరైడు ఎంతుంటే ఎరుపు అంత వెలవాలె. వెలవలే. లీటరుకు 0.8 మిల్లీగ్రాములని రాసి సంతకం పెట్టిన. బిందె చంకల పెట్టుకొని ఒక అవ్వ అడిగింది, "ఇగ మోకాళ్లు సాగుతయా సారూ?" సాగుతయవ్వా అన్న. సర్పంచ్ చాయ్ తాగించిండు.

పటికల అల్యూమినియం నీళ్లల్ల మిగిలితే ఫ్లోరైడును పట్టుకుంటది, రంగు దాకా రానియ్యది. అందుకే ముందు డిస్టిల్ చెయ్యాలె, అంటే నీళ్లను కాచి ఆవిరిని పట్టి పరీక్ష పెట్టాలె. తెలియక కాదు, ఆ పొద్దు కరెంటు లేదు, నాకు బద్ధకం. నాలుగు నెలలకు ఇంకొకాయన డిస్టిల్ చేసి చూస్తే 2.6. ఆ నాలుగు నెలలు ఆ ఊరి పిల్లలు నా సంతకం తాగిన్రు. అవ్వకు మళ్ల ఎదురుపడే ధైర్యం రాలే.

అందుకే చెప్తున్న, వెలుగు రాకుంటే నలుసు లేదని రాయకు. హెక్సేన్ అనే ద్రావకంల తళతళలాడింది నీళ్లల్లకు రాంగనే మసకబారొచ్చు. పైపొరల అయాన్ల శక్తిని నీళ్ల ఓహెచ్ బంధాలు గుంజుకుంటయి. నలుసు చుట్టూ వేసే, వెలుగిచ్చే అయాన్లు కలపని ఉత్త పెంకు పలుచగున్నదేమో చూడు. నలుసులు ఎక్కించని ఎలుకను సుత పక్కన పెట్టి ఫొటో తియ్యి. "ఒకటి చాలు" అని ఎవరన్నా అంటే వినకు, అది నా బద్ధకమే.

ఇంకొకటి, నా పీడకలనుకో. బాగ పలుచన చేసిన నీళ్లల్ల ఈ నలుసులు మెల్లగ కరిగి ఫ్లోరైడు విడుస్తయి, ఫాస్ఫేట్ ఉప్పులు కలిపిన బఫర్ నీళ్లల్ల మరింత. ఎలుకకు పోయేది పిసరంతనే, మన బోరుతోటి పోల్చేది కాదు, ఎరుకే. అయినా ప్లాస్టిక్ సీసాల వారం, నెల ఉంచి, విడిచిన ఫ్లోరైడును ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో కొలువు. ఈ మామ కోసం కొలువు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రీడింగుల పుస్తకం తే. మంచిగొచ్చినయే కాదు, కొట్టేసినయి సుత చూడాలె. మీ అత్త సకినాలు చుడుతది.

మీ మామ