డోర్‌మ్యాట్ మన్నాలంటే ముందు తిరగేసి చూడండి

చిన్న యూనిట్ పెట్టి సింథటిక్ డోర్‌మ్యాట్లు తయారు చేయాలనుకుంటున్నారు, నైలాన్, పాలిస్టర్, పాలీప్రొపిలీన్‌లలో ఏది ఎక్కువ కాలం మన్నుతుందని అడిగారు.

హైదరాబాద్ కాటేదాన్‌లో మాకు మ్యాట్లు కత్తిరించి, అంచులు కుట్టి అమ్మే యూనిట్ ఉంది. రోల్స్ పానిపట్ నుంచి తెప్పించుకుంటాం. పాడయ్యాయని మా దగ్గరికి తిరిగొచ్చిన వాటిలో పైపోగు అరిగినవి చాలా తక్కువ. అంచు ఊడినవి, పోగు కుదురుతో సహా లేచొచ్చినవి, వెనక పూత పొడిగా రాలినవే ఎక్కువ. అందుకే ఫైబర్ ఎంపిక ముఖ్యమే అయినా, మీ శ్రద్ధలో సగానికి పైగా వెనక వైపు మీద, అంచుల మీద పెట్టండి అని చెప్తాను.

ముందు ఫైబర్ సంగతి. అరుగుదలకు నైలాన్‌ను మించింది లేదు. తొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది, కానీ ధర ఎక్కువ. పాలీప్రొపిలీన్, అంటే మార్కెట్లో అందరూ పీపీ అనేది, చౌక. దాని పోగు నీళ్లు పీల్చదు. రంగును కరిగిన ప్లాస్టిక్‌లోనే మాస్టర్‌బ్యాచ్‌గా, అంటే చిక్కటి రంగు గుళికలుగా కలిపేస్తారు కాబట్టి ఎన్నిసార్లు ఉతికినా వెలవదు. ఎప్పుడూ ఒకేచోట తొక్కితే మాత్రం అణిగిపోతుంది. ఎండకు పెళుసెక్కుతుంది కూడా. మనవాళ్లు మ్యాట్ ఉతికి మేడ మీద పిట్టగోడకు ఆరేస్తారు కదా, అందుకని యూవీ స్టెబిలైజర్, అంటే ఎండ దెబ్బను ఆపే మందు, కలిపిన పోగు కావాలని ఆర్డర్‌లోనే రాయించండి. పాలిస్టర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సన్నని మైక్రోఫైబర్‌గా చేస్తే బాత్రూమ్ ముందుకు బాగా పనికొస్తుంది.

అమ్మేవాడు చెప్పిన ఫైబరేనా అని అనుమానం వస్తే నాలుగు పోగులు కత్తిరించి, సబ్బు చుక్క కలిపిన నీళ్లలో వేసి వేళ్లతో నలపండి. పీపీ సాంద్రత 0.91, కాబట్టి తేలుతుంది. నైలాన్ 1.14, పాలిస్టర్ 1.38, రెండూ మునుగుతాయి. సబ్బు లేకపోతే గాలి బుడగలు పట్టుకుని అన్నీ తేలినట్టే కనిపిస్తాయి.

డిజైన్ దగ్గరికొస్తే, వీధి గుమ్మం ముందు వేసేది మట్టి గీకాలి, బాత్రూమ్ ముందు వేసేది తడి పీల్చాలి. ఒకే మ్యాట్‌తో రెండు పనులూ చేయించాలంటే ముతక మోనోఫిలమెంట్‌ను, అంటే బ్రష్ కుచ్చులా ఒంటిగా ఉండే బిరుసు పోగును, సన్నని పోగును కలిపి వేసిన రోల్ తీసుకోవాలి. వీధి గుమ్మం మ్యాట్‌కు అసలు శత్రువు ఇసుక, ముగ్గుపిండి. ఆ రవ్వ కిందికి దిగి కుదురు దగ్గర చేరుతుంది, తొక్కిన ప్రతిసారీ పోగును కోస్తుంది. కాబట్టి పైల్, అంటే పైకి నిలబడి ఉండే పోగుల, మధ్య ఖాళీలుండి, దులిపితే రవ్వ బయటపడేలా ఉండాలి. పోగులు ఉంగరాల్లా మడిచి ఉండే లూప్ పైల్ చూడ్డానికి బాగుంటుంది, కానీ ఇంట్లోవాళ్ల మెట్టెలకో, కుక్క గోళ్లకో ఒక లూప్ తగులుకుంటే వరసంతా జారి వచ్చేస్తుంది. ఇళ్లకు అమ్మేటట్టయితే నేను ఆ ఉంగరాలను పైన కత్తిరించిన కట్ పైలే ఇస్తాను, లేదంటే బాగా పొట్టిగా, ఒత్తుగా ఉన్న లూప్.

ఇక వెనక వైపు. టఫ్టింగ్‌లో, అంటే మెషీన్‌తో పైల్ కుట్టే పద్ధతిలో, సూది పోగును బట్టలోంచి గుచ్చి వదిలేస్తుంది, ముడేమీ పడదు. దాన్ని పట్టి ఉంచేది వెనక పూసే లేటెక్సే, అంటే రబ్బరు జిగురే. ఆ లేటెక్స్‌లో ఖర్చు తగ్గించడానికి సుద్దపొడి కలుపుతారు. కొంత కలపడం మామూలే, మోతాదు మించితే పూత పెళుసవుతుంది. మ్యాట్‌ను వెనక భాగం బయటికి వచ్చేలా గట్టిగా మడిచి, మడత మీద గోటితో గీకండి. పగులు వచ్చి తెల్లపొడి రాలితే ఆ రోల్ వద్దు. తర్వాత కటింగ్ ప్లేయర్‌తో ఒక కుచ్చు పట్టుకుని లాగండి. సులువుగా ఊడొస్తే రెండు మూడు ఉతుకులకే బట్ట బయటపడుతుంది.

పీపీతో ఇంకో చిక్కుంది. అది సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి ఓవెన్ వేడి పెంచి పూతను త్వరగా ఆరబెట్టేయడం కుదరదు, నెమ్మదిగా నడపాల్సిందే. తొందరపడితే పూత లోపల పచ్చిగానే ఉండిపోయి తడికి జిగురుగా మారుతుంది. హోటళ్లలో, ఆసుపత్రుల్లో మెషీన్లో ఉతికే మ్యాట్లు నైట్రైల్ రబ్బరు మీద నైలాన్‌తో ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే. రబ్బరును వేడి మీద అతికించేటప్పుడు నైలాన్ తట్టుకుంటుంది, పీపీ తట్టుకోదు. జారకుండా పీవీసీ బ్యాకింగ్ వేయిద్దామనుకుంటే, అందులో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ నేలకు దిగి మరక పడొచ్చు. పాలరాయి, వినైల్ నేలలున్న ఇళ్లకు అమ్మేముందు ఒక పలక మీద కొన్ని వారాలు వేసి ఉంచి చూడండి.

అంచులకు పాలిస్టర్ దారమే వాడండి, కాటన్ దారం తడికి కుళ్లిపోతుంది. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అంచుకు చుట్టి కుట్టే టేపు మడత పడదు. చదరపు మూలల దగ్గరే అది ముందు చిరుగుతుంది.

కొనేటప్పుడు జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, అడిగితే మొత్తం బరువు చెప్తారు. అందులో సుద్ద, లేటెక్స్ కూడా కలిసి ఉంటాయి. పైల్ జీఎస్ఎం ఎంతో విడిగా అడగండి. సైజు కూడా రోల్ వెడల్పును చూసే పెట్టుకోవాలి. రెండు మీటర్ల రోల్‌లో 40 సెంటీమీటర్ల మ్యాట్లు సరిగ్గా ఐదు వస్తాయి. 45 పెడితే నాలుగే వచ్చి, 20 సెంటీమీటర్ల ముక్క చెత్తలోకి పోతుంది. టఫ్టింగ్ మెషీన్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఓ ఏడాది రోల్స్ కొని కత్తిరించి, బైండింగ్ చేసి అమ్మండి. మీ ఊళ్లో ఏ రకానికి గిరాకీ ఉందో తెలిశాక మెషీన్ గేజ్ (సూదుల మధ్య దూరం), పైల్ ఎత్తు అప్పుడు నిర్ణయించుకోవచ్చు.