ఆపే కణాలకు ఇన్ని రకాలెందుకు?

ప్రశ్న: మెదడులో కొన్ని నాడీకణాలు ఇతర కణాలను ఉత్తేజపడనీయకుండా నిరోధిస్తాయని పాఠంలో చదివాను. చేసే పని ఒక్కటే అయినప్పుడు వాటిలో అన్ని రకాలెందుకు? అవి ఎక్కడ పుడతాయి?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: పని ఒక్కటే అనుకోవడంలోనే చిక్కుంది. ఈ కణాలు ప్రధానంగా గాబా అనే రసాయనాన్నే విడుదల చేస్తాయన్నది నిజమే కానీ, అవతలి కణం మీద ఏ చోట విడుదల చేస్తాయన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. మస్తిష్క వల్కలంలోని (మెదడు వెలుపలి ముడతల భాగంలోని) బుట్ట కణాల పోగులు ఉత్తేజక కణపు దేహాన్ని ఎద్దు మూతికి కట్టిన చిక్కంలా చుట్టుకొని, అది ఏ క్షణంలో స్పందించాలో శాసిస్తాయి. మార్టినొట్టి కణాలు తమ పోగులను పై పొర దాకా పంపి, సందేశాలు వచ్చి చేరే డెండ్రైట్ల కొమ్మల దగ్గరే వాటి బలాన్ని తగ్గిస్తాయి. షాండ్లియర్ కణాలు మరీ విచిత్రమైనవి. కణం నుంచి సందేశాన్ని బయటికి మోసే పోగైన ఏక్సాన్‌లో, విద్యుత్ ప్రేరణ మొదలయ్యే తొలి భాగాన్నే ఎంచుకొని, అక్కడ కొవ్వొత్తుల వరుసల్లాంటి కొసలను నిలుపుతాయి. ఇక వీఐపీ కణాలున్నాయి (పేరు చూసి పెద్దమనుషులనుకోవద్దు, అది వాటిలో ఉండే ఒక పెప్టైడ్ పొట్టిపేరు). ఇవి ఎక్కువగా తోటి నిరోధక కణాలనే నిరోధిస్తాయి కాబట్టి, ఉత్తేజక కణానికి చివరకు దక్కేది స్వేచ్ఛే.

పుట్టుక విషయానికొస్తే, వల్కలంలోని ఉత్తేజక కణాలు దాని లోపలి అంచునే పుట్టి నేరుగా పైకి చేరతాయి. నిరోధక కణాలు మాత్రం పిండపు ముందుమెదడు అడుగుభాగంలోని ఉబ్బుల్లో పుట్టి, అడ్డంగా చాలా దూరం వలస వస్తాయి. వలస వచ్చే కణం ముందుకు చాచిన పోగు కొసన రెండుగా చీలుతుంది. దారులు పరీక్షించినట్టుగా ఒక కొమ్మను నిలుపుకొని రెండోదాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఆ తరువాత కేంద్రకం ఒక్కసారిగా ముందుకు గెంతుతుంది. డీఎల్ఎక్స్-1, డీఎల్ఎక్స్-2 జన్యువులు రెండూ లేని ఎలుక పిండాల్లో ఈ వలస కుంటుపడి, వల్కలంలో గాబా కణాలు బాగా తగ్గిపోయినట్టు 1997లో అమెరికా పరిశోధకులు చూపారు. ఏ ఉబ్బులో పుట్టిందన్నదే కణం రకాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది: బుట్ట, మార్టినొట్టి, షాండ్లియర్ కణాలు మధ్య ఉబ్బు నుంచి, వీఐపీ కణాలు వెనుక ఉబ్బు నుంచి వస్తాయి. మనుషుల్లో ఈ వలస బిడ్డ పుట్టిన తరువాత కూడా కొన్ని నెలలు సాగుతుంది.

ఈ తేడాలు వైద్యంలోనూ కనిపిస్తాయి. పసిపిల్లల్లో తీవ్రమైన మూర్ఛగా మొదలయ్యే డ్రావే సిండ్రోమ్‌లో, ఎస్‌సీఎన్1ఏ జన్యులోపం వల్ల ప్రధానంగా దెబ్బతినేవి నిరోధక కణాల్లోని సోడియం మార్గాలే (విద్యుత్ ప్రేరణ కోసం సోడియాన్ని కణంలోకి రానిచ్చే ద్వారాలు). అందుకే, సోడియం మార్గాలను మూసి ఇతర మూర్ఛలను అదుపుచేసే కార్బమజెపిన్ లాంటి మందులు, అసలే బలహీనపడిన ఆ నిరోధక కణాలను మరింత అణచి, ఆ పిల్లల్లో ఫిట్స్‌ను పెంచవచ్చు.