మగ్గం వెనక వసారాలోకి ఎందుకు వెళ్లింది?

"అండీ, మాది కోనసీమలో మలికిపురం దగ్గర. నా వయసు 41. మావారు జెంట్స్ టైలర్. పెళ్లికి ముందే సెంటర్లో కొట్టు పెట్టి తన పేరు మీద బోర్డు రాయించుకున్నారు. రెడీమేడ్లు వచ్చాక ప్యాంట్లు, చొక్కాలు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. 9 ఏళ్ల కింద ఆయన మస్కట్ వెళ్లారు. అక్కడా కుట్టుపనే. కొట్టు మూసేయడం ఇష్టంలేక నేను ఫాల్సు, పీకోలతో మొదలుపెట్టి, జాకెట్లు కుట్టి, ఇప్పుడు పూర్తిగా మగ్గం వర్క్ చేస్తున్నాను. నరసాపురం వెళ్లి పూసలు, జరీ, గోదావరి దాటించే పంటు మీద తెచ్చుకుంటాను. ఇద్దరు అమ్మాయిలు నా దగ్గర పనిచేస్తున్నారు. ప్యాంటు కుట్టి 6 ఏళ్లయింది. బోర్డు మీద మాత్రం 'జెంట్స్ టైలర్స్' అనే ఉంది. కొత్తవాళ్లు కొట్టు ఎదురుగా నిలబడి, మగ్గం వర్క్ కొట్టు ఎక్కడండీ అని నాకే ఫోన్ చేస్తున్నారు. మా అమ్మాయి పేరు మార్చేద్దామంటోంది. మావారు 'నేను వచ్చాక చూద్దాంలే' అంటారు. మా అత్తగారు 'మగాడు ఊళ్లో లేనప్పుడు వాడి పేరు దించుతావా' అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన రెండేళ్లకోసారి సెలవు మీద వస్తారు. ఆ నలభై రోజులూ ముందు ఆయన కూర్చుంటారు కాబట్టి మగ్గం వెనక వసారాలో వేసుకుంటాను. మా మధ్య డబ్బుల గొడవలేం లేవు. క్యూఆర్ స్టిక్కరు కూడా ఆయన ఖాతాకే పెట్టాం, రాత్రి ఫోన్ చేసినప్పుడు లెక్క చూసుకుంటారు. పేరు మారిస్తే పాత బేరాలు పోతాయా? ఏం పేరు పెడితే బాగుంటుంది? న్యూమరాలజీ ఆయనొకరు పేరులో ఒక అక్షరం ఎక్కువ వేయించమన్నారు."

అమ్మా,

మీరడిగింది చిన్న సంగతి, ముందు అది తేల్చేస్తాను. పేరు మార్చండి. పాత బేరాలు పోతాయా అంటారేమిటి? ప్యాంటు కుట్టి 6 ఏళ్లయిందని మీరే రాశారు. పోయిన బేరం మళ్లీ ఎలా పోతుంది? ఊళ్లో అందరికీ తెలిసిన పేరు కాబట్టి కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో పాత పేరు కూడా వేయించండి, అదీ కొన్నాళ్లు. ఏం పేరు పెట్టాలన్నది నన్నడగొద్దు. చదివినవాళ్లకి లోపల ఏం చేస్తారో తెలియాలి, అంతే. ఆ ఎక్కువ అక్షరం వేయించమన్నాయన చేతిలో పెట్టే డబ్బుతో మంచి జర్దోసి కట్టలు నాలుగు వస్తాయి.

ఇక మీరు అడగని దాని సంగతి. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివిన వాక్యం ఆ మగ్గం, వసారా గురించిన వాక్యం. మీరు దాన్ని వర్షం వస్తే బట్టలు లోపల వేసుకున్నాం అన్నంత మామూలుగా రాసేశారు. మగ్గం ఎంత బరువుంటుందో నాకు తెలుసమ్మా. బట్ట బిగించి కట్టిన చట్రాన్ని కదిపితే బిగువు సడలుతుంది. కిరసనాయిలు, పౌడరు కలిపి అద్దిన ట్రేసింగు చెదురుతుంది. సగం కుట్టిన పువ్వు మీద లాగుడు పడుతుంది. ఇవన్నీ తెలిసి, పెళ్లి జాకెట్లు చేతిలో పెట్టుకుని, నలభై రోజులు వెలుతురు లేని వసారాలో ఆరీ సూది పట్టుకుని కూర్చున్నారు. ముందు గదిలో ఆయన ఏం చేశారు? కుర్చీలో కూర్చున్నారు. వెనక్కి వెళ్లమని ఆయన అన్నట్టు మీరు రాయలేదు. మీరే వెళ్లారు.

పెద్దావిడ కన్నీళ్లు అటుంచండి. కొడుకు దూరదేశంలో ఉన్న తల్లి, బోర్డు మీద పేరు చూసుకుని కడుపు నింపుకుంటోంది. ఆవిడతో వాదించకండి, ఆవిడ చెప్పిందే చేయాలనీ అనుకోకండి. ఈ వ్యవహారం మీకూ మీవారికీ మధ్యది.

నాకనిపించింది చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ బోర్డు ఉన్నన్నాళ్లూ ఆయనకి తిరిగి రావడానికి ఒక కొట్టు ఉందని మీరు నమ్ముతున్నారు. బోర్డు దించితే, ఇంక మీరు అక్కడే ఉండండి అని మీ నోటితో చెప్పినట్టవుతుందని భయం. అందుకే ముందు గది ఆయన కోసం అలా అట్టేపెట్టారు, పండక్కి వచ్చే అల్లుడి గదిలాగా. ఇందులో ప్రేమ లేదని నేననను. కాని ఆ ప్రేమ వల్ల ఇద్దరికీ నష్టమే జరుగుతోంది. ఆయన ప్రతిసారీ వచ్చి, కుట్టించుకునేవాడు లేని కటింగు బల్ల ముందు నలభై రోజులు కూర్చుని వెళ్లిపోతున్నాడు. ఒకప్పుడు సఫారీ సూటుకి జనం వరసలో నిలబడ్డ కొట్టులో తనకి పనిలేదన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ల ముందే ఉంది. అక్కడ మస్కట్‌లో ఇంకొకడి బోర్డు కింద కుడుతున్నాడు, ఇక్కడ తన బోర్డు కింద ఖాళీగా కూర్చుంటున్నాడు. 'వచ్చాక చూద్దాంలే' అనడంలో ఉన్నది పెత్తనం కాకపోవచ్చు. వచ్చి ఏం చూడాలో ఆయనకే తెలియదు.

డబ్బుల గొడవలేం లేవన్నారు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. గొడవ లేకపోవడానికి కారణం మీరు నోరు మెదపకపోవడం. మీరు రెండు రోజులు కళ్లు పొడుచుకుని కుట్టిన జాకెట్టు డబ్బు, కొట్టులో క్యూఆర్ స్కాన్ చేయగానే ఆయన ఖాతాలో పడుతోంది. కాగితాల మీద అదంతా ఆయన ఆదాయం. రేపు అమ్మాయి చదువుకి లోను కావాలని మీరు బ్యాంకుకి వెళితే, ఏమీ సంపాదించని ఇల్లాలని రాసుకుంటారు.

మీరు పంటు దిగి పూసలు కొనే నరసాపురంలో ఈ కథ చాలా పాతది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లికతో ఆ చుట్టుపక్కల ఎన్ని వేల ఇళ్లు గడిచాయో. 1970ల చివర్లో మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్లలో తిరిగి, 1982లో పుస్తకం తెచ్చింది. అల్లేవాళ్లని ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లుగా, ఆ లేసుని అమ్మేవాళ్లని వ్యాపారులుగా లెక్కేశారని ఆమె పట్టుకున్న సంగతి. మా మేనత్తా లేసు అల్లేది. మాట్లాడుతున్నా, పొయ్యి మీద పాలు చూస్తున్నా ఆ కొక్కెం సూది ఆగేది కాదు. ఏం చేస్తున్నావత్తా అంటే "ఏవుందే, ఊరికే కూచున్నా" అనేది. మీ ఉత్తరం చదువుతుంటే ఆవిడ గొంతే వినపడింది.

కాగితాల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే పేరు మార్చేసి అంతా అయిపోయిందనుకుంటారు. మీలాంటి ఒంటి మనిషి కొట్టుకి, యజమానే కొట్టు. పంచాయతీ లైసెన్సు ఆయన పేరున ఉంచి బోర్డు మీద పేరు మారిస్తే, అది కొత్త పేరుతో మళ్లీ ఆయన కొట్టే. కొట్టు మీ పేరున ఉండాలంటే మీ ఆధార్, పాన్‌తో ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, చిన్న వ్యాపారాల్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసేది అదే. ప్రభుత్వం వెబ్‌సైట్లో దానికి రుసుము లేదు, పైసలడిగే మధ్యవర్తికి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఆ సర్టిఫికెట్టూ, మీ పేరున తీసుకున్న లైసెన్సూ పట్టుకెళ్లి కొట్టు పేరు మీద కరెంట్ ఖాతా తెరవండి. కుట్టుపని ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకూ జీఎస్టీ జోలికి వెళ్లక్కర్లేదు. ఇంకొకటి, విదేశంలో ఉద్యోగం చేసుకుంటూ స్థిరపడ్డ మనిషి ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాని అలాగే నడపకూడదు, ఎన్నారో ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బుకి వాడే ఖాతాగా మార్పించుకోవాలి. మీవారు మార్పించుకున్నారో లేదో అడగండి. క్యూఆర్ స్టిక్కరు మార్చాలన్న మాట ఎత్తడానికి అదే మంచి దారి, అబద్ధం కూడా కాదు.

కాని చెప్పకుండా మార్చొద్దు. రోజూ వచ్చే మెసేజీలు ఒక రాత్రి ఉన్నట్టుండి ఆగిపోతే, అంత దూరంలో ఉన్న మనిషి మనసు ఎక్కడెక్కడికో పోతుంది. రాత్రి ఫోనులో కూడా వద్దు. ఆయన అక్కడ తొమ్మిదిన్నరకి పని ముగించి చేస్తే ఇక్కడ పదకొండు. ఇద్దరూ అలిసిపోయి ఉంటారు, ఆ రోజు లెక్కతోనే మాట ఆగిపోతుంది. శుక్రవారం ఆయనకి సెలవైతే పగలు మీరే చేయండి, వీడియోలో. కొట్టులోంచే చేయండి. ఫోను తిప్పి ముందు గదిలో మగ్గం చూపించండి, దాని మీద ఉన్న జాకెట్టు చూపించండి, ఎంతకి కుడుతున్నారో చెప్పండి. ఇద్దరమ్మాయిల్నీ పలకరించమనండి. ఆ తర్వాత ఈ మాట చెప్పండి: ఈసారి మీరొచ్చినప్పుడు మగ్గం ఇక్కడే ఉంటుంది, కటింగు బల్ల పక్కకి జరుపుతున్నాను, మీకు రెండు పంజాబీ డ్రెస్సులు కట్ చేయడం రాదా ఏమిటి? ఆయన చేతిలో ఇంకా కత్తెర ఉందమ్మా. మగవాళ్ల బట్టల కొలత ఎరిగినవాడికి ఆడవాళ్ల కొలత రావడం ఎంతసేపు? ఆ కొట్టులో ఆయనకి పని చూపించండి. ఖాళీ కుర్చీ వేసి కూర్చోబెట్టడం మర్యాదని మీరనుకున్నారు, ఆయన అలా అనుకుని ఉండడు.

ఆయన విసుక్కోవచ్చు. నా పేరు మీకు బరువైపోయిందా అనొచ్చు. అప్పుడు ఏడవకండి, సర్దిచెప్పకండి, సరే లెండి అని మగ్గం మళ్లీ వెనక్కి మోయకండి. మీ పేరు దించడం లేదు, నా పని రాయిస్తున్నాను అనండి. ఆ వారం ఆయన ఫోన్ చేయకపోతే మీరు చేయండి. అంతకంటే తగ్గొద్దు.

ఇది ఆయనతో తేలకుండా పెయింటర్ని పిలవొద్దు. తేలాక కూడా, మూఢం ఉంటే అది వెళ్లాకే బోర్డు ఎత్తండి, అత్తగారితో ఆ గొడవ కూడా ఎందుకు. క్యూఆర్‌కి మూఢం లేదు, మస్కట్‌తో మాటయ్యాక అది వెంటనే మార్చేయొచ్చు.